కీ తిప్పితే టక్కుమంటోంది: మా అంబాసిడర్ స్టార్టింగ్ డైరీ

కార్తీకం చివర్లో

బండి 1986 అంబాసిడర్ మార్క్ 4. పెట్రోల్, 1489 సీసీ ఇంజన్, పాయింట్స్ ఇగ్నిషన్ (కాయిల్ కరెంటుని తెంచి స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చే పాయింట్స్), బెండిక్స్ రకం సెల్ఫ్, అంటే ఇంజన్‌ని తిప్పే స్టార్టర్ మోటారు. నాన్న కొన్న బండి, ఆర్సీ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. విజయనగరం దాసన్నపేటలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంటుంది. వానాకాలమంతా టార్పాలిన్ కింద పడుకోబెట్టి, పైడితల్లమ్మ సిరిమాను అయ్యాక బయటకు తీశాం. అప్పట్నుంచీ ఇదే గోల.

గోల ఒక రకం కాదు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు కీ తిప్పితే ఒక్కోసారి 'టక్' అని ఊరుకుంటుంది. ఒక్కోసారి సెల్ఫ్ తిరుగుతుంది గానీ నీరసంగా, నాలుగు మెట్లెక్కి ఆగిపోయేవాడిలా. ఇంజన్ మాత్రం అంటుకోదు. ఇది మొదటి జబ్బు. రెండోది వేడి మీద వచ్చేది. ఇరవై కిలోమీటర్లు తిరిగి బండి ఆపి, టీ తాగి వచ్చి కీ తిప్పితే సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మూడోది వాన జబ్బు. ముసురు పట్టిందంటే మిస్‌ఫైర్.

ఇదివరకు టౌన్లో ఒక షెడ్డువాళ్లు బ్యాటరీ మార్చారు. ఆ తర్వాత కాయిల్ (స్పార్క్‌కి కావలసిన వేల వోల్టులు పుట్టించేది), ఆ తర్వాత ప్లగ్గులు. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగానే ఉండేది. ఎందుకు బాగుండేదో ఇప్పుడు అర్థమవుతోంది. బ్యాటరీ మార్చేటప్పుడు టెర్మినల్స్ గీకుతారు, కాయిల్ మార్చేటప్పుడు వైర్లు ఊడదీసి మళ్లీ బిగిస్తారు. పేరు కొత్త పార్టుకి వచ్చేది, పని చేసింది ఆ గీకుడు.

సంక్రాంతికి శ్రీకాకుళం అత్తగారింటికి ఈ బండిలోనే వెళ్లాలని నాన్న పట్టు. బావమరుదుల ముందు బండి తోయించే టెన్షన్ నాది. అందుకే ఈసారి పద్ధతి మార్చాను. మీటరు చెప్పేదాకా ఒక్క పార్టు కూడా కొనేది లేదు.

ఆదివారం, మీటరు పని

ముందు బ్యాటరీ. రాత్రంతా కదపకుండా ఉంచిన బ్యాటరీ 12.5 వోల్టులు చూపించింది. నిండుగా ఉంటే 12.6 దాకా ఉంటుంది, 12 దగ్గరకు దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. కాబట్టి చార్జింగ్‌కి వంక పెట్టడానికి లేదు. కానీ ఊరికే కూర్చున్న బ్యాటరీని చూసి మంచిదని చెప్పెయ్యకూడదు, సెల్ఫ్ తిరిగేటప్పుడు చూడాలి.

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా స్పార్క్ పంచేది) మూతకు వెళ్లే మధ్య వైరు పీకి, దాని కొసను ఇంజన్ లోహానికి తగిలించి ఎర్త్ చేశాను. అప్పుడు ఎంతసేపు తిప్పినా ఇంజన్ అంటుకోదు. ఆ వైరును గాలిలో వదిలెయ్యకండి. బయటకు దారి లేకపోతే హై టెన్షన్ కరెంటు కాయిల్ లోపలే ఇన్సులేషన్‌ని చీల్చి దారి చేసుకుంటుంది. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేకు, వెనక చక్రాలకు ఇటుకలు. నాన్న సీట్లో కూర్చుని కీ తిప్పడం, నేను బానెట్ కింద మీటరు ముళ్లు పట్టుకోవడం.

బ్యాటరీ రెండు పోస్టుల మధ్య 10.4 వోల్టులు. తిరిగేటప్పుడు 9.6 కంటే కిందకు పోకపోతే బ్యాటరీ పాసైనట్టే. తర్వాత ఒక ముల్లు సెల్ఫ్ టెర్మినల్ మీద, రెండోది సెల్ఫ్ బాడీ మీద పెట్టాను. 8.0.

బ్యాటరీ దగ్గర 10.4 బయల్దేరి సెల్ఫ్‌కి 8 చేరుతోందంటే దారిలో 2.4 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. ఎక్కడన్నది పట్టుకోవడం కష్టం కాదు, దారిని ముక్కలు చేసి కొలవడమే. బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి సాలినాయిడ్ (కీ తిప్పితే సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) మీదుగా సెల్ఫ్ టెర్మినల్ దాకా 0.5. ఇది సరిహద్దు మీద ఉంది, పోనిద్దాం. బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ బాడీ దాకా 1.9. ఇక్కడ 0.2 దాటకూడదు.

అంటే తప్పు ఎర్త్‌ది, కరెంటు ఇంజన్ నుంచి బ్యాటరీకి తిరిగొచ్చే దారిది. కొత్త బ్యాటరీ, కొత్త కాయిల్, కొత్త ప్లగ్గుల డబ్బంతా ఈ 1.9 తెలియకపోవడం వల్ల పోయింది.

ఇక్కడొక మాట. మీటరుని ఓమ్స్‌లో పెట్టి, 'కంటిన్యుటీ ఉంది, ఎర్త్ బాగానే ఉంది' అనడం చాలా షెడ్లలో చూశాను. పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు బీప్ అంటుంది. సెల్ఫ్ 190 ఆంపియర్లు గుంజుతుందనుకుంటే 1.9 వోల్టులు పోవడానికి 0.01 ఓమ్ అడ్డం చాలు. మామూలు మల్టీమీటరుకి ఆ అంకె కనిపించనే కనిపించదు, ముళ్ల వైర్లకే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకే కరెంటు పారేటప్పుడు వోల్టేజి కొలవాలి.

అదే సాయంత్రం

ఇంకోసారి తిప్పి చూద్దామని చోక్ లాగిన నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఒరే, ఈ నాబ్ చురుక్కుమంటోందేంట్రా?"

వెళ్లి చూస్తే చోక్ తీగ పై తొడుగు నిజంగానే వేడిగా ఉంది. దాంతో అనుమానం తీరిపోయింది. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి, రబ్బరు కరెంటు పోనివ్వదు. కాబట్టి సెల్ఫ్ తాగిన కరెంటంతా బాడీకి, అక్కణ్ణుంచి బ్యాటరీకి తిరిగి చేరడానికి ఇంజన్‌కీ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒక్కటే దిక్కు. అది చెడితే కరెంటు ఇంజన్‌ని తాకే ఏ లోహం దొరికితే దాని గుండా పోతుంది. చోక్ తీగ, యాక్సిలరేటర్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్. పాత బళ్లలో చోక్ తీగ పొగలు కక్కి కాలిపోయిన కథలు ఉత్తినే పుట్టలేదు.

బండి కిందకి దూరి పట్టీ విప్పాను. బాడీ వైపు బోల్టు కింద పెయింటు, దాని మీద తుప్పు, దాని మీద ఎవరో కొట్టిన అండర్‌కోటింగ్. పట్టీని వేళ్లతో నలిపితే పచ్చటి పొడి రాలింది. లగ్ (కొసన బోల్టు పట్టే లోహపు ముక్క) దగ్గర సగానికి పైగా పోగులు తెగి ఉన్నాయి.

సోమవారం

ఎత్తు బ్రిడ్జి దగ్గర ఒక ఆటో ఎలక్ట్రీషియన్ పెద్దాయన ఉన్నారు. ట్యాక్సీ అంబాసిడర్లు రోడ్డు నిండా తిరిగిన రోజుల్నుంచీ సెల్ఫులు, డైనమోలు విప్పుతున్న చెయ్యి. పాత పట్టీ బల్ల మీద పెట్టాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఓసారి వంచి చూసి, పక్కన పడేశారు.

"సెల్ఫు పోనాదని మోసుకొస్తారు బాబూ. దానికి అందవలసింది అందతన్నాదో లేదో ఎవుళ్లూ సూడరు."

"రెడీమేడ్ పట్టీ దొరుకుతుందా గురువుగారూ?"

"దొరుకుతాది. నాకైతే నచ్చదు. వెల్డింగ్ కేబులు కోసి ఇస్తాను, వట్టుకెళ్లు."

35 చదరపు మిల్లీమీటర్ల వెల్డింగ్ కేబుల్, రెండు కొసలా రాగి లగ్‌లు, ముందు ప్రెస్ చేసి ఆ తర్వాత టంకం పోశారు. నిజానికి గట్టిగా ప్రెస్ చేసిన లగ్‌కి టంకం అక్కర్లేదని, టంకం తీగలోకి పాకితే అక్కడ బిరుసెక్కి విరుగుతుందని నా అభిప్రాయం. ఆయన ముందు ఆ మాట ఎత్తలేదు. ఆయన చేతి టంకం లగ్ నోటి దగ్గరే ఆగింది కూడా.

బిగించేటప్పుడు రెండు వైపులా లోహం తళతళలాడేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, ఆ తర్వాతే వాజలీన్ పూశాను. ముందే పూస్తే లోహానికీ లోహానికీ మధ్య జిడ్డు చేరుతుంది. పనిలో పనిగా సాలినాయిడ్ రెండు టెర్మినల్స్ కూడా విప్పి శుభ్రం చేశాను.

మళ్లీ అదే పరీక్ష. ఎర్త్ వైపు 0.1. పాజిటివ్ వైపు 0.4. సెల్ఫ్ దగ్గర 9.7. బ్యాటరీ పోస్టుల దగ్గర మాత్రం 10.4 కాస్తా 10.2 అయింది. మొదట చూస్తే బ్యాటరీ దిగజారినట్టు అనిపిస్తుంది. దారి బాగుపడింది కాబట్టి సెల్ఫ్ ఇప్పుడు ఎక్కువ కరెంటు తీసుకోగలుగుతోంది, అందుకే బ్యాటరీ దగ్గర ఆ మాత్రం దిగింది. సెల్ఫ్ చేతికి 1.7 వోల్టులు అదనంగా అందాయి. చెవికి తెలిసిపోతోంది, ఇంజన్ ఇదివరకటిలా మూలుగుతూ కాదు, గిరగిరా తిరుగుతోంది.

మర్నాడు, కాగితం మీద లెక్క

ఈ ఎర్త్ సంగతి సెల్ఫ్‌తో ఆగదని రాత్రి పడుకున్నాక తట్టింది. పాయింట్స్ ఉండేది డిస్ట్రిబ్యూటర్లో, డిస్ట్రిబ్యూటర్ బిగించి ఉండేది ఇంజన్‌కి. అంటే కాయిల్ కరెంటు కూడా ఇంజన్ ఎర్త్ గుండానే తిరిగి రావాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆ ఇంజనే బ్యాటరీ నెగటివ్ కంటే 1.9 వోల్టులు పైన తేలుతుంటే, కాయిల్‌కి ఆ 1.9 పోయినట్టే.

కీ వైపు కూడా చూశాను. పాయింట్స్ మూసి ఉన్న చోట ఇంజన్‌ని ఆపి కీ ఆన్ చేస్తే బ్యాటరీ 12.4, కాయిల్ ప్లస్ దగ్గర 11.2. పాయింట్స్ తెరిచి ఉంటే ఈ పరీక్ష దండగ. కరెంటే పారదు కాబట్టి తీగ ఎంత చెడినా మీటరు నిండు వోల్టేజి చూపిస్తుంది.

ఇప్పుడు కూడిక తీసివేతలు. స్టార్ట్ చేసే క్షణంలో బ్యాటరీలో ఉన్నది 10.4. ఎర్త్‌లో పోయింది 1.9, కీ దారిలో 1.2. కాయిల్‌కి మిగిలింది సుమారు 7.3. పన్నెండు వోల్టుల కాయిల్ ఏడు వోల్టుల చిల్లరతో ఇచ్చే స్పార్క్ చలికాలం పొద్దున్న పచ్చి పెట్రోల్ తడిసిన ప్లగ్‌ని ఏం అంటిస్తుంది? సెల్ఫ్ వదిలేసి బండిని తోస్తే మాత్రం కాయిల్‌కి బ్యాటరీ వోల్టేజి దాదాపు పూర్తిగా అందుతుంది. 'సెల్ఫ్‌తో అంటుకోదు గానీ తోస్తే అంటుకుంటుంది' అని నాన్న ఇన్నాళ్లూ చెబుతున్న మాటకి అర్థం ఇదే. సెల్ఫ్ నీరసం, స్పార్క్ నీరసం రెండు రోగాలని వేర్వేరుగా మందులేశారు. మూలం ఆ పచ్చబడ్డ పట్టీ.

కీ దారిలో పోతున్న 1.2 కోసం డాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకోవలసి వచ్చింది. కీ నుంచి కాయిల్‌కి వెళ్లే తెల్ల తీగ వెంట పోతే ఒక బుల్లెట్ కనెక్టర్ తగిలింది, ప్లాస్టిక్ తొడుగు వేడికి గోధుమరంగు తిరిగి ఉంది. ఎక్కువ భాగం దాంట్లోనే పోతోంది. కొత్తది వేశాను, కీ స్విచ్ వెనక టెర్మినల్స్ బిగించాను. ఇప్పుడు మొత్తం దారికి 0.3. రిలే పెట్టెయ్యమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. మూడు ఓమ్‌ల కాయిల్ తినేది నాలుగు ఆంపియర్లు, దానికి రిలే అనవసరం. చెడిపోవడానికి ఇంకో పార్టు చేర్చినట్టు అవుతుంది.

ముసురు రోజులు

బంగాళాఖాతంలో వాయుగుండం. రెండు పూటలా చినుకులే. రోడ్డు మీదికి తీసే పని లేదు గానీ, వాన జబ్బు చూడ్డానికి ఇంతకంటే మంచి అదును దొరకదు.

చీకటి పడ్డాక షెడ్డులో లైటు ఆర్పి ఇంజన్ ఆన్ చేయించాను. మొరాయిస్తూ అంటుకుంది. డిస్ట్రిబ్యూటర్ మూత మీద రెండు టవర్ల మధ్య సన్నటి నీలం గీత మిణుకుమిణుకుమంటోంది. పగలు చూస్తే ఏమీ కనపడదు. మూత విప్పి లోపల టార్చి వేస్తే, పెన్సిల్‌తో గీసినట్టు ఒక నల్ల గీత ఒక టెర్మినల్ నుంచి పక్క టెర్మినల్ దాకా పోయింది. కార్బన్ ట్రాక్. ఒకసారి పడిందంటే తుడిస్తే పోదు, గీకితే కొన్నాళ్లాగి మళ్లీ వస్తుంది. మూత మార్చడమే. ఇది మీటరు లేకుండానే కంటికి కనిపించిన రుజువు కాబట్టి కొన్నాను. మూత లోపల తిరుగుతూ స్పార్క్ పంచే రోటర్‌ని కూడా పరీక్షించాను. దాని ఇత్తడి రేకు మధ్యకి కాయిల్ వైరు దగ్గరగా పట్టి పాయింట్స్ తెరిస్తే స్పార్క్ దూకకూడదు. దూకితే రోటర్ కిందకి ఇరుసులోకి లీకవుతున్నట్టు. దూకలేదు, పాతదే ఉంచేశాను.

తెరిపి ఇచ్చాక, సెల్ఫ్ దించడం

సెల్ఫ్ ఇప్పుడు బలంగా తిరుగుతోంది గానీ, అప్పుడప్పుడు ఇంజన్‌ని పట్టుకోకుండా 'గుయ్'మని ఒట్టినే తిరిగేస్తోంది. దించక తప్పలేదు. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాలి, ఆ తర్వాతే సెల్ఫ్ వైరు. రెండే బోల్టులు గానీ కిందది స్పానర్‌కి అందడం ఒక యోగం.

ఈ పాత లూకాస్ రకం సెల్ఫ్‌లో పినియన్‌ని (కొసన ఉండే చిన్న పళ్ల చక్రాన్ని) ముందుకు నెట్టే లివరు ఉండదు. మోటారు ఒక్కసారిగా తిరగడంతో ఇరుసు మీది మరకి (స్క్రూ గాడికి) ఎక్కి ఉన్న పినియన్ వెనకబడి, మర వెంట జారి రింగ్ గేర్‌ని, అంటే ఇంజన్ ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ల చక్రాన్ని, పట్టుకుంటుంది. ఇంజన్ అంటుకోగానే అదే వేగం దాన్ని వెనక్కి విసిరేస్తుంది. ఇదంతా జరగాలంటే ఆ మర పొడిగా, నున్నగా ఉండాలి. మా సెల్ఫ్ మర మీద ఎవరో ప్రేమగా గ్రీజు దట్టించారు. క్లచ్ దుమ్ము దానికి అంటుకుని నల్లటి తారులా గట్టిపడింది. వేలితో తోస్తే పినియన్ సగంలో ఆగిపోతోంది. బ్రష్ పెట్టి కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టాను, అంతే. నూనె చుక్క కూడా వెయ్యలేదు. ఇప్పుడు చేత్తో తిప్పితే జర్రున పోయి స్ప్రింగ్ బలంతో వెనక్కి వస్తోంది.

మిగతా భాగం పెద్దాయన దగ్గరే విప్పాం. కార్బన్ బ్రష్‌లు పొట్టివైపోయాయి, మార్చారు. కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి పలకల చుట్టు) నల్లబడి ఉంటే సన్నటి గాజు కాగితంతో తుడిచారు. ఎమెరీ పేపరు వాడరు, దాని పొడి రాగి పలకల మధ్య ఇరుక్కుంటే షార్ట్ చేస్తుంది. షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడు పలకల మధ్య మైకా ఇన్సులేషన్‌ని హ్యాక్‌సా బ్లేడుతో గాడి తియ్యబోతే ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"అది డైనమోకి సేసే పని రా. సెల్ఫుకి సెయ్యకూడదు."

ఈ సెల్ఫుల మాన్యువల్ కూడా అదే చెబుతుంది. ఇత్తడి బుష్ వదులైతే కొత్తది వేశాం. అది నూనె పీల్చుకునే రకం, ఒక రోజంతా పల్చటి ఇంజనాయిల్‌లో నానబెట్టాకే వెయ్యాలి. అందుకని సెల్ఫ్ ఆ రాత్రి ఆయన దగ్గరే ఉండిపోయింది.

సెల్ఫ్ లేని కంతలోంచి టార్చి వేసి, నాన్న చేత ముందు హ్యాండిల్‌తో ఇంజన్ మెల్లగా తిప్పిస్తూ రింగ్ గేర్ పళ్లు చూశాను. చాలా భాగం బాగున్నాయి. ఎదురెదురుగా రెండు చోట్ల మాత్రం పళ్ల అంచులు అరిగి గుండ్రబడ్డాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగినప్పుడల్లా కంప్రెషన్ అడ్డుకుని ఇంచుమించు ఆ రెండు చోట్లే ఆగుతుంది, సెల్ఫ్ ప్రతిసారీ అక్కడే కొడుతుంది. ఆ అరుగుదల సంగతి తర్వాత.

ఒక చిన్న ఉపాయం రాసిపెడతాను. సెల్ఫ్ రింగ్ గేర్‌లో ఇరుక్కుపోయి టక్కుమని ఆగిపోతే, సెల్ఫ్ వెనక మూత కింద ఇరుసుకి నలుచదరపు కొస ఉంటుంది. స్పానర్ వేసి తిప్పితే పినియన్ బయటకు వస్తుంది. అది అందకపోతే కీ తీసేసి, టాప్ గేరులో వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపాలి. సుత్తితో సెల్ఫ్‌ని కొట్టడం అందరూ చేసేదే. ఇరుక్కున్న బ్రష్‌కి పనికొస్తుందేమో గానీ, ఇరుక్కున్న పినియన్‌కి పనికిరాదు.

రామతీర్థం ట్రయల్

నెల్లిమర్ల మీదుగా రామతీర్థం. పొద్దున్నే ఒక్క తిప్పుకి అంటుకుంది, దారంతా హాయిగా వెళ్లింది. దర్శనం చేసుకుని వచ్చి కీ తిప్పితే, సెల్ఫ్ ఝామ్మని తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు. వేడి జబ్బు అలాగే ఉంది. నిజం చెప్పాలంటే సంతోషించాను. వర్క్‌షాపులో ఎన్నడూ దొరకని దొంగ చేతికి దొరికినట్టే కదా.

గుడి దగ్గర ఒక వ్యాను డ్రైవరు వచ్చి, "పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వెయ్యండి సార్" అన్నాడు. ఎండల్లో పంపులో పెట్రోల్ ఆవిరై బుడగ కడితే అది మంచి వైద్యమే, అంబాసిడర్ డ్రైవర్లందరికీ తెలిసిందే. కానీ కార్బరేటర్ ఫ్లోట్ చాంబర్ మూత తీస్తే నిండుగా పెట్రోల్ ఉంది. ఇక పంపుతో పని లేదు.

కాయిల్ మధ్య వైరుని ఇంజన్‌కి కాస్త దూరంలో పట్టి తిప్పించాను. స్పార్క్ ఉంది, కానీ పసుపు రంగులో, సన్నగా. మూత తీసి చూస్తే పాయింట్స్ తెరుచుకున్న ప్రతిసారీ అక్కడే చిటపటలాడుతూ మంట. ప్లగ్‌లో రావలసింది పాయింట్స్ దగ్గర వస్తోందంటే కండెన్సర్ మీదే అనుమానం పడాలి. పాయింట్స్ తెరుచుకున్న క్షణంలో కరెంటు అక్కడ దూకకుండా పట్టుకునేది అదే. అలా ఠక్కున ఆగితేనే కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలి వేల వోల్టులు పుడతాయి.

డిక్కీలో ఒక కండెన్సర్ ఉంది. డిస్ట్రిబ్యూటర్ విప్పలేదు. కండెన్సర్ తీగని కాయిల్ మైనస్ టెర్మినల్‌కి తగిలించి, దాని డబ్బాని క్లిప్పుతో ఇంజన్‌కి కట్టాను. కీ తిప్పగానే ఇంజన్ అందుకుంది. పాత కండెన్సర్ లోపల షార్టయి ఉంటే ఈ ఉపాయం పారదు, అప్పుడు దాన్ని విప్పి తీరాలి. లోపల తెగిపోయే రకమైతే మాత్రం రోడ్డు పక్కన ఐదు నిమిషాల పని. అలా వేలాడేసుకునే ఇంటికి వచ్చాం.

ఇంటికొచ్చాక

పాత కండెన్సర్‌ని మీటరు మీద పెడితే 0.22 మైక్రోఫారడ్. నూటికి నూరుపాళ్లు బాగున్నట్టు. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ అడిగి తెచ్చి దాని మీదికి వేడిగాలి ఊదాను. కాసేపు 0.22 అలాగే నిలిచింది, తర్వాత అంకె వణికింది, ఉన్నట్టుండి సున్నా దగ్గర పడిపోయింది. చల్లారనిస్తే మళ్లీ 0.22. 'అరగంట ఆగితే స్టార్టవుతుంది' అన్న మాట బల్ల మీద కళ్లముందు జరిగింది. చల్లటి షెడ్డులో కొలిచి బాగుందన్నవాళ్లను తప్పు పట్టలేం.

పాయింట్స్‌లో ఒక వైపు గుంట, రెండో వైపు మొటిమ. కొత్త సెట్ వేశాను. కొత్త పాయింట్స్ మీద తుప్పు పట్టకుండా ఒక జిడ్డు పొర ఉంటుంది, గుడ్డకి పెట్రోల్ అద్ది తుడవకపోతే మొదటి రోజే మొరాయిస్తాయి. గ్యాప్ 0.38 మిల్లీమీటర్లు. నాలుగు క్యామ్ మొనల మీదా ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. కొద్దిగా తేడా ఉంది, ఇరుసు బుష్ ఈ వయసులో ఆ మాత్రం ఆడుతుంది. క్యామ్ మీద అగ్గిపుల్లతో గ్రీజు రాశాను, అంతకు మించితే ఎగిరి పాయింట్స్ మీద పడుతుంది.

ఇంకోటి కూడా దొరికింది, వెతకని చోట. పాయింట్స్ ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి బెత్తెడు కూడా లేని మెత్తటి ఎర్త్ తీగ ఒకటి ఉంటుంది. ఇంజన్ వాక్యూమ్ లాగినప్పుడల్లా ప్లేటు కదులుతుంది, దాంతో పాటు ఈ తీగా వంగుతుంది. పైన గుడ్డ తొడుగు బాగానే ఉంది, లోపల రాగి చివరి పోగుల మీద బతుకుతోంది. దీనికి మామూలు వైరు వేస్తే బిరుసుకి ప్లేటే కదలదు. మీటరు ముళ్ల పాత సిలికాన్ వైరు కోసి వేశాను.

గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది కాబట్టి టైమింగ్ ఎప్పుడూ ఆఖర్నే. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో పుల్లీ గుర్తు దగ్గర ఇంజన్ ఆపి, కాయిల్ మైనస్‌కీ బాడీకీ మధ్య బల్బు పెట్టి, కీ ఆన్ చేసి డిస్ట్రిబ్యూటర్‌ని మెల్లగా తిప్పాను. బల్బు వెలిగిన చోటే పాయింట్స్ తెరుచుకున్న చోటు. అక్కడ బిగించేశాను. ప్లగ్గులు పాతవే, గ్యాప్ 0.6 మిల్లీమీటర్లకి సరిచేశాను.

భోగి తర్వాత

భోగి తెల్లవారుజామున మంచు బాగానే కురిసింది. చోక్ లాగి కీ తిప్పితే ఇంజన్ ఒక చుట్టు పూర్తిగా తిరిగిందో లేదో అంటుకుంది. నాన్న మాట్లాడలేదు గానీ, వీధిలోకి తీసి కావాలని రెండుసార్లు ఆపి మళ్లీ స్టార్ట్ చేశారు.

పండక్కి డెంకాడ, నాతవలస మీదుగా హైవే ఎక్కి శ్రీకాకుళం. రణస్థలంలో టీకి ఆగాం. నేను టీ తాగలేదు, గ్లాసు పట్టుకుని ఇంజన్ వేడి బాగా పైకెక్కేదాకా ఆగాను. వెంటనే తీస్తే వేడి జబ్బు దొరకదు. ఆపిన పది, పదిహేను నిమిషాలకి బానెట్ కింద వేడి ఎక్కువగా ఉంటుంది, గాలి ఆడదు, ఫ్యాన్ తిరగదు. అప్పుడు కీ తిప్పాను. అందుకుంది. కనుమ నాడు అరసవల్లి దగ్గర ఎండలో ఆపినప్పుడూ అదే వరస. బావమరుదులకి బండి తోసే పని తప్పింది, దానికి వాళ్లేమీ బాధపడినట్టు లేదు.

మిగిలిన పని రింగ్ గేర్. పళ్లు అరిగిన ఆ రెండు చోట్ల ఇంజన్ ఆగిన రోజున సెల్ఫ్ కర్రుమంటోంది, పినియన్ పట్టు జారుతోంది. ప్రస్తుతానికి టాప్ గేరులో వేసి బండిని జానెడు ముందుకు జరుపుతున్నాను, మంచి పళ్లు ఎదురొస్తాయి. సరిగ్గా చెయ్యాలంటే గేర్‌బాక్స్ దించి, ఫ్లైవీల్ విప్పి, రింగ్‌ని వేడి చేసి ఊడదీసి పావు చుట్టు తిప్పి వెయ్యాలి, లేదా కొత్తది ఎక్కించాలి. పళ్లు ఆ రెండు చోట్లే అరిగాయి కాబట్టి తిప్పి వేస్తే చాలని పెద్దాయన అంటున్నారు. నాకు కొత్తదే వెయ్యాలని ఉంది. గేర్‌బాక్స్ దించితే క్లచ్ ప్లేటు కూడా ఎలాగూ చూడాలి. ఎండాకాలం షెడ్డులో నేల ఆరాక మొదలుపెడతాం.